అద్దె ఇల్లు – సొంత సామాను

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి కదప్పా, పిల్లోళ్లకు పనికొచ్చేది ఏదన్నా ఒక అర్ధగంట మాట్లాడు" అన్నారు. కరెంటు గురించో, ఉద్యోగాల గురించో చెప్తాననుకున్నారు. అద్దె ఇంట్లో ఉండేవాళ్ల బీమా గురించి చెప్తానన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "ఏజెన్సీ ఏమన్నా తీసుకున్నావా?" అని అడిగారు.

లేదండీ. నేను ఏ కంపెనీకీ ఏజెంటును కాను. ఈ సభలో ఒక్క పాలసీ కూడా అమ్మను. సమోసాలు తిని ధైర్యంగా కూర్చోండి. ఈ సంగతి నాకు ఎలా తెలిసిందో, ఎంత ఆలస్యంగా తెలిసిందో చెప్పడానికే వచ్చాను.

మనం చదువుకునే రోజుల్లో గుడుపల్లెలో అద్దె ఇల్లంటే అది అయ్యోరి ఇల్లే. లేకపోతే రైల్వే వాళ్లదో, బ్యాంకు ఉద్యోగిదో. మిగతా అందరికీ పెంకుటిల్లో, మట్టి మిద్దో, ఏదో ఒక సొంత గూడు ఉండేది. మా సైన్సు అయ్యోరు ఒక గదిలో అద్దెకు ఉండేవారు. ఒక ట్రంకు పెట్టె, మడత మంచం, కిరసనాయిలు స్టవ్వు, గోడ మేకుకు రెండు చొక్కాలు. బదిలీ అయితే అరగంటలో సామాను సర్దుకుని రైలెక్కేవారు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు పోయేదేమీ ఉండదనే అభిప్రాయం మనకు అక్కడే పడింది.

ఇప్పుడు లెక్క తిరగబడింది. మన స్టేషన్లో పొద్దున రైలెక్కి బెంగుళూరు పోయిన మనవాళ్లలో సగంమంది అక్కడే కాపురాలు పెట్టారు. కుప్పంలో ద్రవిడ విశ్వవిద్యాలయం వచ్చింది, మెడికల్ కాలేజీ వచ్చింది, వాటి చుట్టూ అద్దె గదులు వచ్చాయి. హైదరాబాదు, చెన్నై, డల్లాస్, మెల్‌బోర్న్, ఎక్కడున్నా మొదటి పదేళ్లు అద్దె ఇల్లే. కానీ ఇప్పుడు ఆ ఇంట్లో ఉండేది ట్రంకు పెట్టె కాదు. ఫ్రిజ్జు, వాషింగ్ మెషీను, టీవీ, ల్యాప్‌టాపు, పెళ్లినాటి బీరువా ఉన్నాయి. సామాను పెరిగింది, అభిప్రాయం మాత్రం అదే ఉంది.

1998 సంగతి

నాకు అప్పటికి పెళ్లయి మూడేళ్లు, పాపకు ఏడాదిన్నర. బెంగుళూరులో మూడంతస్తుల ఇంట్లో మొదటి అంతస్తు మాది. కింద ఒక గోడౌను. ఇంటి ఓనరు పెద్దాయన, మన తెలుగాయనే, పై అంతస్తులో ఉండేవారు. ఒకరోజు మధ్యాహ్నం గోడౌనులో వైర్లు కాలి మంట లేచింది. నేను ఆఫీసులో ఉన్నాను. నా భార్య పాపను ఎత్తుకుని మెట్లు దిగి బయటపడింది. దేవుడి దయ, మనుషులకు ఏమీ కాలేదు.

సాయంత్రం మేం లోపలికి వెళ్లేసరికి ముందు గది కాలిపోయి ఉంది. వెనక గది కాలలేదు కానీ ఫైరింజను కొట్టిన నీళ్లతో, మసితో నిండిపోయింది. కాలినదాని కంటే తడిసి పాడైందే ఎక్కువ. టీవీ, ఫ్రిజ్జు, పరుపులు, బట్టలు, మా అత్తగారిచ్చిన కుట్టుమిషను, నా పుస్తకాలు, వాటితోపాటు ఒక ఫైలు. ఆ ఫైలులో నా పదో తరగతి సర్టిఫికెట్ నుంచి ఇంజనీరింగ్ డిగ్రీ దాకా అన్నీ ఉన్నాయి. అప్పటి లెక్కలో ఎనభై వేల రూపాయల సామాను. నా జీతంలో మిగిల్చి ఆ ఎనభై వేలు కూడబెట్టడానికి మాకు మూడేళ్లు పట్టింది.

వారం తర్వాత ఒకాయన ఫైలు, కెమెరా పట్టుకుని వచ్చారు. ఇన్సూరెన్సు సర్వేయరు. ఓనరు ఇంటి మీద బ్యాంకు అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకు వాళ్లు పట్టుబట్టి బీమా చేయించారట. సర్వేయరు గోడలు కొలిచారు, కిటికీలు లెక్కపెట్టారు, స్లాబు తట్టి చూశారు. నేను వెంటే తిరుగుతూ, "సార్, మా ఫ్రిజ్జు కూడా చూడండి" అన్నాను. ఆయన తలెత్తి, "మీరు ఓనరా, టెనెంటా?" అన్నారు. టెనెంటునన్నాను. "ఈ పాలసీ బిల్డింగుది. మీ సామానుకు మీరు వేరే పాలసీ తీసుకోవాలి. తీసుకున్నారా?" అన్నారు.

అలాంటిది ఒకటి ఉంటుందని నాకు ఆ నిమిషం దాకా తెలియదు. ఎలక్ట్రికల్ ఇంజనీరును. ఏ వైరుకు ఎంత లోడు, ఏ ఫ్యూజు ఎన్ని ఆంపియర్లు, నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని.

తర్వాత నేను చేసిన పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఓనరుకు బీమా డబ్బు వచ్చిందని తెలిసి, అందులో మాకు వాటా ఇవ్వమని అడిగాను. ఆయన, "అది గోడల లెక్క నాయనా, గోడలకే సరిపోదు" అన్నారు. నేను నమ్మలేదు. మా నష్టం మీద ఆయన సంపాదించుకున్నారని నలుగురిలో మాట తూలాను. మేం ఇచ్చిన అడ్వాన్సు ఆయన పైసా తగ్గించకుండా తిరిగి ఇచ్చారు. దాన్ని తీసుకుని, చెప్పాపెట్టకుండా ఇల్లు మారిపోయాను. పదేళ్ల తర్వాత నేనే ఒక ఫ్లాటు కొని, దానికి బీమా కడుతూ, ఆ కాగితాలు మొదటి నుంచి చివరి దాకా చదివాను. అప్పుడు అర్థమైంది, ఆయన అక్షరాలా నిజమే చెప్పారని. క్షమాపణ చెప్పాలని వెతుక్కుంటూ వెళ్లాను. ఆయన అప్పటికే కాలం చేశారు.

అందుకని ఇవాళ నేను చెప్పదలుచుకున్న మొదటి మాట ఇదే. ఇల్లు ఓనరుది, ఇంట్లో సామాను మీది. ఓనరు బీమా మీ చెంబునూ కాపాడదు, గరిటెనూ కాపాడదు. ఇది ఓనరు మంచితనంతో సంబంధం లేని విషయం. బీమా కాగితం మీద ఎవరి పేరు, ఏ ఆస్తి రాసి ఉంటే దానికే వర్తిస్తుంది.

చీటీకీ బీమాకూ తేడా

బీమా మనవాళ్లకు కొత్తదేమీ కాదు. 1923లో ఆంధ్రా బ్యాంకు స్థాపించిన పట్టాభి సీతారామయ్య గారే మచిలీపట్నంలో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీని కూడా పెట్టారు. మన వైపు రైతులకు వేరుశనగ పంట బీమా తెలుసు. బండి బీమా పోలీసులకు భయపడైనా కడతాం. ఇంట్లో సామానుకు బీమా అనేసరికి మాత్రం, "ఏమీ జరగకపోతే ఆ డబ్బు పోయినట్టే కదా?" అంటాం.

అవును, పోయినట్టే. చీటీలో ఇరవైమంది వేస్తే ఒక్కొక్కరూ ఒక్కో నెల పాడుకుంటారు, ఎవరి డబ్బు వాళ్లకు ఏదో రూపంలో తిరిగొస్తుంది. బీమా అలాంటి చీటీ కాదు. వేలమంది తలా కొంచెం వేస్తారు, ఇల్లు కాలినవాడికే పాట. మీకు ఎప్పటికీ పాట రాకపోవడమే మంచిది. ఫ్యూజు కొనుక్కుని, అది ఎప్పుడూ కాలలేదే, డబ్బు దండగయ్యిందే అని ఎవరూ బాధపడరు కదా.

ఇప్పుడు ఏముంది?

2021 ఏప్రిల్ 1 నుంచి దేశంలో ఇళ్లకు అగ్నిప్రమాద బీమా అమ్మే జనరల్ ఇన్సూరెన్సు కంపెనీలన్నీ ఒకే రకమైన పాలసీని తప్పనిసరిగా అమ్మాలని ఐఆర్‌డీఏఐ నిర్ణయించింది. దాని పేరు భారత్ గృహ రక్ష. ఐఆర్‌డీఏఐ అంటే ఇన్సూరెన్సు కంపెనీలన్నిటి మీదా అజమాయిషీ చేసే సంస్థ. దాని ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. ప్రభుత్వ కంపెనీ అయినా, ప్రైవేటు కంపెనీ అయినా ఈ పాలసీలో ముఖ్యమైన షరతులు ఒకటే. ప్రీమియం మాత్రం కంపెనీని బట్టి మారుతుంది.

ఈ పాలసీని మూడు రకాలుగా తీసుకోవచ్చు. కట్టడానికి మాత్రమే, లోపలి సామానుకు మాత్రమే, లేదా రెండిటికీ కలిపి. అద్దెకున్నవాళ్లకు కావలసింది రెండోది. కంపెనీకి ఫోన్ చేసి, "నేను టెనెంటును, సామానుకు మాత్రమే కావాలి" అని స్పష్టంగా చెప్పండి. చాలాచోట్ల ముందు కట్టడం పాలసీనే చూపిస్తారు.

ఓనర్లు కూడా ఇక్కడ ఉన్నారు కాబట్టి వాళ్లకు ఒక మాట. మీరు కట్టడానికి ఈ పాలసీ తీసుకుంటే, అందులో 20 శాతం విలువ దాకా, గరిష్ఠంగా 10 లక్షల వరకు, సామానుకు కూడా దానంతట అదే రక్షణ వస్తుంది. అయితే అది మీ సామానుకు. మీ ఇంట్లో అద్దెకున్నవాళ్ల సామానుకు కాదు. దయచేసి ఈ ఒక్క మాట ఇల్లు అద్దెకిచ్చే రోజే వాళ్లకు చెప్పండి. మా ఓనరు ఆ రోజు నాకు చెప్పి ఉంటే, మా ఇద్దరి మధ్యా ఆ మాటలు వచ్చేవి కావు.

ఏవేవి వస్తాయి? నిప్పు, పేలుడు, పిడుగు, భూకంపం, తుపాను, వరద, నీళ్లు ఇంట్లోకి రావడం, కొండచరియలు విరిగిపడటం, వాహనం వచ్చి గుద్దడం, అల్లర్లు, నీళ్ల ట్యాంకు లేదా పైపు పగలడం. పైన చెప్పిన ప్రమాదం జరిగిన సందట్లో, ఏడు రోజుల్లోపల దొంగతనం జరిగితే అదీ వస్తుంది.

వరద గురించి రెండు మాటలు. 2022 సెప్టెంబరులో బెంగుళూరు బెళ్లందూరు, సర్జాపుర రోడ్డు వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చి, మనుషుల్ని ట్రాక్టర్ల మీద బయటకు తీసుకురావడం టీవీల్లో చూశాం. మన బ్యాచి వాళ్ల పిల్లలు కొందరు అక్కడే ఉన్నారు. 2024లో ఆగస్టు ఆఖరి రోజు, సెప్టెంబరు మొదటి రోజు విజయవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రభుత్వం ముంపు ప్రాంతాల్లో నేల అంతస్తు ఇళ్లకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు సాయం ప్రకటించింది. కష్టకాలంలో అది పెద్ద ఆసరా, కాదనను. కానీ నీళ్లలో మునిగిన ఒక ఫ్రిజ్జు, ఒక వాషింగ్ మెషీను, ఒక పరుపు లెక్కేసి చూడండి. ఆ 25 వేలు ఎంతవరకు వస్తాయో తెలుస్తుంది.

ఏవి రావు?

ఏజెంట్లు తొందరలో చెప్పకుండా వదిలేసేది ఈ భాగమే. అందుకని కాస్త నిదానంగా చెప్తాను.

డబ్బు కట్టలు రావు. బీరువాలో లక్ష రూపాయలుండి కాలిపోతే పోయినట్టే. బంగారం, వెండి మామూలుగా రావు. విలువ చెప్పి, అదనంగా ప్రీమియం కట్టి చేర్పించుకోవాలి. పెళ్లి నగలకు అంతకంటే బ్యాంకు లాకరు మేలని నా సలహా. స్కూటరు, కారు దీనిలోకి రావు, వాటికి వేరే బీమా ఉంటుంది.

మామూలు దొంగతనం రాదు. ప్రమాదం తర్వాత జరిగేదే వస్తుందని ఇందాక చెప్పాను. మనం కుప్పం గంగమ్మ జాతరకని ఊరికొస్తాం, బెంగుళూరు ఇంటికి తాళం వేసి ఉంటుంది, తాళం పగలగొట్టి దోచుకుపోతారు. దానికి బర్గ్లరీ కవరు అని విడిగా తీసుకోవాలి. తలుపో, తాళమో పగిలిన గుర్తులుండాలని అందులో మామూలుగా షరతు ఉంటుంది. తలుపు తీసిపెట్టి పక్కింటికి పోయినప్పుడు ఫోను పోతే ఇవ్వరు.

కరెంటువాణ్ని కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెప్పాలి. వోల్టేజి పెరిగి ఫ్రిజ్జు కంప్రెసరు కాలిపోయిందనుకోండి. ఆ ఫ్రిజ్జుకు ఈ పాలసీలో డబ్బు రాదు. షార్ట్ సర్క్యూట్ వల్ల ఏ వస్తువు లోపలే కాలిందో ఆ వస్తువును మినహాయిస్తారు. కానీ అదే ఫ్రిజ్జు నుంచి మంట లేచి పక్కనున్న బీరువా, బట్టలు కాలితే వాటికి వస్తుంది. ఈ తేడా తెలియక, క్లెయిము కాగితం మీద "షార్ట్ సర్క్యూట్" అని ఒక్క మాట రాసి ఊరుకునేవాళ్లను చూశాను. ఏది మొదట కాలింది, మంట ఎటు పాకింది, ఏవేవి దానివల్ల పోయాయి, విడివిడిగా రాయండి.

మీరు ఓనరుకిచ్చిన అడ్వాన్సుకు ఈ బీమా లేదు. అద్దె లేకుండా లీజు పేరుతో లక్షలు ఇచ్చి ఉండేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ డబ్బుకు రక్షణ సరైన అగ్రిమెంటు, రిజిస్ట్రేషను, ఓనరు అప్పుల వివరాలు ముందే చూసుకోవడం. బీమా కాదు.

గదిలో నలుగురు కుర్రాళ్లుంటే, ఒకడు తీసుకున్న పాలసీ మిగతా ముగ్గురి సామానుకు పనిచేయదు. ఇల్లు మారితే పాలసీ మీతోపాటు నడిచి రాదు. అందులో పాత అడ్రసే ఉంటుంది. పాల ప్యాకెట్ వాడికి కొత్త అడ్రసు చెప్పిన రోజే కంపెనీకీ రాతపూర్వకంగా చెప్పండి.

లెక్క ఎలా వేయాలి?

మా అబ్బాయి బెంగుళూరులో ఒక గది తీసుకుని ఉంటున్నాడు. పాలసీ తీసుకోరా అంటే, "నా దగ్గర ఏముంది నాన్నా, అంతా కలిపితే యాభై వేలు" అన్నాడు. సరే, గదిలో నిలబడి చూసినవన్నీ చెప్పు, నేను రాస్తానన్నాను. ఇవాళ కొత్తది కొంటే ఎంతో ఆ ధర రాశాం. ల్యాప్‌టాపు 70 వేలు, ఫ్రిజ్జు 22, వాషింగ్ మెషీను 25, టీవీ 30, మంచం పరుపు 25, బట్టలు బూట్లు 40, వంటింటి సామాను 25. మొత్తం 2 లక్షల 37 వేలు. వాడే నోరు తెరిచాడు. బర్గ్లరీ కూడా కలిపి వాడు కట్టిన ప్రీమియం, నెలకు పంచితే ఒక పూట హోటల్ టిఫిను ఖర్చు.

ల్యాప్‌టాపు ఇంట్లో ఉండగా జరిగిన నష్టానికే ఈ పాలసీ. బస్సులో పోగొట్టుకుంటే రాదు.

విలువ తక్కువ రాస్తే ప్రీమియం మిగులుతుందని కొందరు చూస్తారు. పాత రకం పాలసీల్లో దీనికి పెద్ద శిక్షే ఉండేది. నాలుగు లక్షల సామానుకు రెండు లక్షలే బీమా చేస్తే, లక్ష నష్టం జరిగినప్పుడు యాభై వేలే ఇచ్చేవారు. సగం బీమాకు సగం పరిహారం. భారత్ గృహ రక్షలో ఆ కోత తీసేశారు. రాసుకున్న మొత్తం దాకా నష్టం పూర్తిగా ఇవ్వాలి. వేరే ప్యాకేజీ పాలసీ తీసుకునేటప్పుడు మాత్రం ఈ షరతు ఉందేమో అడగండి.

ఇంకో పని ఈ సభ నుంచి ఇంటికెళ్లగానే చేయవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు. సెల్‌ఫోను తీసి ఇల్లంతా గది గదికీ వీడియో తీయండి. బీరువా తలుపులు తెరిచి, వస్తువుల వెనకున్న నంబర్లతో సహా తీయండి. బిల్లుల ఫోటోలు తీయండి. వాటిని ఆ ఫోనులోనే ఉంచుకోకుండా, ఊళ్లో ఉన్న అన్నకో, చెల్లెలికో పంపండి. 1998లో నేను సర్వేయరుకు చూపించడానికి పాలసీ లేదు సరే, ఏం పోయిందో చెప్పడానికి ఒక్క కాగితం కూడా లేదు.

గ్యాసు సిలిండరు సంగతి

మీకు తెలియకుండానే మీకున్న బీమా ఒకటుంది. వంటగ్యాసు కంపెనీలు తమ కనెక్షనుదారుల కోసం ప్రమాద బీమా చేస్తాయి. దానికి మనం విడిగా ఏమీ కట్టం. గ్యాసు ప్రమాదంలో మరణిస్తే మనిషికి 6 లక్షలు, గాయపడితే వైద్యానికి మనిషికి 2 లక్షల దాకా, ఆస్తి నష్టానికి ఒక ప్రమాదానికి 2 లక్షల దాకా ఉంది.

అయితే ఆస్తి నష్టం పరిహారం కనెక్షను నమోదైన అడ్రసులో ప్రమాదం జరిగితేనే. అద్దెకున్నవాళ్లకు దెబ్బ ఇక్కడే తగులుతుంది. కనెక్షను గుడుపల్లెలో నాయన పేరు మీద ఉంటుంది, సిలిండరు బెంగుళూరులో కొడుకు వంటింట్లో ఉంటుంది. లేదా మూడిళ్ల కిందటి అడ్రసే పుస్తకంలో ఉంటుంది. ఇల్లు మారినప్పుడల్లా గ్యాసు అడ్రసు మార్చుకోండి. రబ్బరు గొట్టం ఐదేళ్లకోసారి మార్చండి.

అమెరికా పిల్లలకు

అక్కడ చాలా అపార్ట్‌మెంట్ల వాళ్లు రెంటర్స్ ఇన్సూరెన్సు లేనిదే తాళాలు ఇవ్వరు. మన పిల్లలు అగ్రిమెంటు కోసం ఆన్‌లైనులో ఏదో ఒకటి తీసుకుని మరిచిపోతారు. అందులో సాధారణంగా మూడు భాగాలుంటాయి. మన సామాను నష్టం, మనవల్ల ఇతరులకు జరిగిన నష్టానికి బాధ్యత, ఇల్లు ఉండటానికి పనికిరాకపోతే హోటల్ ఖర్చు. కానీ అక్కడి మామూలు పాలసీలో వరద ఉండదు, దానికి విడిగా తీసుకోవాలి. మన దగ్గర సామాను పాలసీలో వరద ఉంది, ఇతరులకు జరిగిన నష్టం లేదు. పేరు చూసి ఒకటే అనుకోకూడదు.

ఇతరులకు జరిగిన నష్టం అన్నాను కదా, అది మనకూ ముఖ్యమే. అద్దెకున్నవాడి నిర్లక్ష్యం వల్ల ఇల్లు కాలితే, ఓనరుకు డబ్బిచ్చిన కంపెనీ ఆ మొత్తాన్ని అద్దెకున్నవాడి నుంచి రాబట్టుకోవడానికి ఓనరు తరఫున అడగవచ్చు. ఇస్త్రీపెట్టె ఆన్‌లో పెట్టి ఊరికి పోతే అంతదాకా వస్తుంది. కొన్ని కంపెనీల గృహ ప్యాకేజీల్లో ఈ బాధ్యతకు కూడా కవరు ఉంటుంది, అడిగి తీసుకోండి. మరోపక్క, మన తప్పు లేకుండా నిప్పువల్లో, వరదవల్లో ఇల్లు శాశ్వతంగా ఉండటానికి పనికిరాకుండా పోతే, అద్దె ఒప్పందం రద్దు చేసుకునే హక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షనులో అద్దెకున్నవాడికి ఉంది. అగ్రిమెంటులో వేరేలా రాసుకోలేదని మాత్రం చూసుకోండి.

జరగరానిది జరిగితే

ముందు మనుషులు. తర్వాత అదే రోజు కంపెనీకి ఫోను, వెంటనే ఒక మెయిలు. నిప్పు అయితే ఫైరు స్టేషను రిపోర్టు, దొంగతనం అయితే పోలీసు స్టేషనులో ఎఫ్‌ఐఆర్. సర్వేయరు చూసేదాకా పాడైన సామాను పారేయకండి. తప్పనిసరిగా తీయాల్సి వస్తే ఫోటోలు తీసి తీయండి. మా ఆవిడ ఇంట్లో మసి చూడలేక రెండో రోజే అన్నీ కడిగి, తడిసిన బట్టలు పంచిపెట్టేసింది. పాలసీ ఉన్నా మేం ఏమీ నిరూపించలేకపోయేవాళ్లం.

కంపెనీ కాదంటే, కారణం రాతపూర్వకంగా తీసుకోండి. ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. అక్కడ పని కాకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసాలో నమోదు చేయండి, 155255కు ఫోన్ చేసినా సరే. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఏడాది లోపల వెళ్లాలి. 50 లక్షల దాకా తీర్పు ఇచ్చే అధికారం ఆయనకుంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నవాళ్లకు హైదరాబాదు ఆఫీసు, బెంగుళూరులో ఉన్నవాళ్లకు బెంగుళూరు ఆఫీసు.

చివరగా

ఏ బీమా ఇవ్వలేనిది ఒకటుంది. ఆ మంటల్లో పోయిన నా సర్టిఫికెట్లు. అప్పుడే కొత్త ఉద్యోగానికి పిలుపు వచ్చింది, ఒరిజినల్సు తెమ్మన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, బెంగుళూరులో పొద్దున రైలెక్కి, పదమూడేళ్ల తర్వాత ఈ బడికి వచ్చాను. అప్పటి హెడ్మాస్టరు గారికి నేనెవరో తెలియదు. నా మాట అంతా విని, బీరువా తెరిచి, పాత అడ్మిషను రిజిస్టరు తీశారు. చెదలు పట్టకుండా గుడ్డలో చుట్టి పెట్టి ఉంది. పేజీలు తిప్పి వేలు పెట్టి చూపించారు. నా పేరు, మా నాయన పేరు, పుట్టిన తేదీ, ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ. "చెయ్యి చూపించు నాయనా" అన్నారు. చూపించాను. నవ్వారు.

పోలీసు రిపోర్టు, అఫిడవిట్, వాటి మీద హెడ్మాస్టరు గారి సంతకంతో దరఖాస్తు పరీక్షల విభాగానికి వెళ్లింది. పదో తరగతి డూప్లికేటు వచ్చింది. దాని ఆధారంతో ఇంటరుది, డిగ్రీది ఒక్కొక్కటిగా తెచ్చుకున్నాను. ఉద్యోగం ఆలస్యమైంది కానీ పోలేదు.

ఎవరో ఒక అయ్యోరు, 1980లో నా పేరు ఆ రిజిస్టరులో తప్పు లేకుండా రాశారు. ఆయన తర్వాత వచ్చినవాళ్లు దాన్ని జాగ్రత్తగా కాపాడారు. ఎప్పుడో, ఎవరికో అవసరం పడుతుందని. ఆ పని చేసినవాళ్లలో కొందరు ఇవాళ ఈ వేదిక మీద ఉన్నారు, కొందరు లేరు. అందరికీ నా నమస్కారం.

స్వర్ణోత్సవం సందర్భంగా బడికి ఏమి ఇద్దామని సంఘంలో మాట వచ్చినప్పుడు నేను ఒక్కటే అడిగాను. ఆ పాత రిజిస్టర్లన్నీ స్కాను చేయించి, ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి బయట ఉంచుదామని. ఖర్చు మా 1985 బ్యాచిది. ఒప్పుకున్నారు, పని వచ్చే నెల మొదలవుతుంది.

మీరు చేయాల్సిన పని మాత్రం ఈ రాత్రికే ఉంది. ఇల్లంతా వీడియో తీయండి. బెంగుళూరులో ఉన్న పిల్లలకు ఫోన్ చేసి, గ్యాసు ఎవరి పేరు మీద, ఏ అడ్రసులో ఉందో అడగండి.